వెదురువాగు జవాబు

తలుపు అవతల క్రిస్టోఫర్ నవ్వాడు. ఆ వెంటనే ఇంకో రెండు గొంతులు నవ్వాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళని కూర్చోగానే నవ్వించాడంటే ఉద్యోగం సగం జేబులో పడ్డట్టే, అనుకుంది బయట కాలేజీ వరండాలో బెంచీ మీద కూర్చున్న అరుణశ్రీ. అనుకుని, ఒళ్ళో ఉన్న ఫోను వైపు చూసింది. చూడకూడదని ఇందాకే ఒట్టు పెట్టుకుంది. అయినా చూసింది. తెర మీద చుక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. గోదావరి ఒడ్డు పొడవునా, అడవి అంచున, ఒక్కో గూడేనికి ఒక్కో చుక్క. వాటిలో అన్నిటికంటే ముందు పచ్చబడింది వెదురువాగు. అదే ఆమెకు మింగుడు పడటం లేదు. ఎప్పుడూ అందరికంటే ఆఖరున జవాబిచ్చే ఊరు అది. ఒక్కోసారి ఇవ్వనే ఇవ్వని ఊరు. ఇవాళ, ఇంత వానలో, పిలిచీ పిలవగానే పలికింది.

మంచిదే కదా, అని తనకు తాను చెప్పుకుంది. వెన్ను నిటారుగా పెట్టింది, భుజాలు వదులు చేసింది, తిరుమల మేడం క్లాసులో నేర్పినట్టు పెదవుల చివర్ల చిన్న నవ్వు ఒకటి నిలబెట్టింది. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్. మై నేమ్ ఈజ్ అరుణశ్రీ, ఐ యామ్ ఫ్రమ్ కొత్తగూడెం, మై ఫాదర్ ఈజ్... ఎప్పుడూ అక్కడే గొంతు దిగిపోతుంది. బావిలోకి దిగే మనిషిలా మెట్టు మెట్టుకూ చీకట్లోకి పోతుంది. కిటికీ బయట పాల్వంచ రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకుని పోతున్నాయి, పట్టపగలు. ఇక్కడ వాన సన్నగానే ఉంది. పైన, అడవి వైపు ఆకాశం మాత్రం బొగ్గు కుప్ప పోసినట్టుంది. నిన్న సాయంత్రం నుంచి అక్కడ కురుస్తూనే ఉందట. గోదావరి నిండితే వాగుల నీళ్ళు లోపలికి పోలేక వెనక్కి తన్నుతాయి. వెనక్కి తన్నిన నీళ్ళు చప్పుడు చేయవు. గుమ్మం ముందు తడి కనపడేదాకా ఎవరికీ తెలియదు. ఆ మాట చెప్పింది నాగక్క. నాగక్కది వెదురువాగు.

పక్కన బెంచీ మీద క్రిస్టోఫర్ బ్యాగు ఉంది. నల్ల బ్యాగు, జిప్పుకు చిన్న శిలువ బొమ్మ వేలాడుతోంది, వాళ్ళమ్మ హెప్సిబా టీచర్ కట్టింది. లోపలికి పోతూ దాన్ని ఇటు జరిపి, "బ్యాగులు రానియ్యరంట. చూస్తుండు అరుణా. అట్ల మొహం పెట్టకు, ఉరి తీస్తలేరు, ఉద్యోగమిస్తున్నరు" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది కూడా. ఎవరికైనా వస్తుంది. క్రిస్టోఫర్ ఉన్నచోట గాలి తేలికవుతుంది. క్యాంటీన్ వాడు అతడికి చాయ్ నిండుగా పోస్తాడు, కటువైన లెక్చరర్ కూడా అతడి భుజం తట్టి పోతాడు. కోడు రాయడంలో అరుణశ్రీ చేతికి ఎదురులేదు. ఆ రాసినదాన్ని పదిమంది ముందు పెట్టి మెప్పించాలంటే మాత్రం క్రిస్టోఫర్ కావాలి. ఇద్దరూ కలిసి చేసిన ప్రాజెక్టే ఈ చుక్కలు. వరద వస్తుందంటే మండల ఆఫీసులో ఒక మీట నొక్కుతారు. ప్రతి గూడెంలో ఒకరి ఫోనుకు కాల్ పోతుంది. వాళ్ళు విని, తమ గొంతుతో జవాబు చెప్పాలి. చెప్తే పచ్చ. చెప్పకపోతే ఎరుపు. ఎరుపు పడ్డ ఊరికి ఆఫీసు నుంచి ట్రాక్టర్, మనుషులు పోవాలి. ఇన్నాళ్ళూ ఉత్తుత్తి పరీక్షలు నడిచాయి. ఇవాళ నిజంగానే మీట నొక్కారు. ఒక్క ఎరుపూ లేదు కాబట్టి ట్రాక్టర్ ఆఫీసు ముందే నిలబడి ఉంటుంది.

మార్కులు మిమ్మల్ని ఈ తలుపు దాకా తీసుకొస్తాయి, లోపలికి తీసుకెళ్ళేది మీ నోరే, అనేవారు తిరుమల మేడం. ఖమ్మం నుంచి వారానికోసారి వచ్చి సాఫ్ట్ స్కిల్స్ క్లాసు చెప్పేవారు. మంచి మనిషే. అరుణశ్రీని పక్కకు పిలిచి ఎన్నిసార్లు చెప్పారో, నీ తల నిండా సరుకుంది తల్లీ, అది పెదవి దాటకపోతే ఎవరికి లాభం అని. కళ్ళలోకి చూసి మాట్లాడటం, చెయ్యి కలపడం, సమస్య చెప్పాల్సి వచ్చినా నవ్వుతూ చెప్పడం, జట్టులో ఒకరు తప్పు చేస్తే వాళ్ళని బయటపెట్టకుండా కాచుకోవడం. కాచుకోవడం అనే మాట దగ్గర మేడం క్రిస్టోఫర్ వైపు చూసేవారు, మెచ్చుకోలుగా. ఒకరోజు తెర మీద 'వినడం' అనే పాఠం పడింది. పడగానే బెల్లు కొట్టింది. ఇది మీరే చదువుకోండి, సులువే, డౌట్స్ ఏమన్నా ఉన్నాయా, లేవా, గుడ్, అని మేడం బస్సు అందుకోవడానికి గబగబా వెళ్ళిపోయారు. ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అందరికీ అర్థమైనట్టే లెక్క. ఆ తర్వాతి వారం ఇంకో పాఠం మొదలైంది.

గుండ్రంగా కుర్చీలు వేసి చర్చ పెట్టిన రోజు గుర్తొచ్చింది. అందరూ ఒకరి మాట మీద ఒకరు ఎక్కి మాట్లాడుతున్నారు. ఆమెకు చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది, దిగడానికి సందు దొరకడం లేదు. అప్పుడు క్రిస్టోఫర్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "అరుణ ఏదో చెప్పాలనుకుంటున్నది, విందాం." అంతా ఆమె వైపు తిరిగారు. అన్ని కళ్ళు. నాలుక కట్టెలా అయిపోయింది. అతడే అందుకున్నాడు, "ఆమె పాయింట్ ఏందంటే..." అంటూ. చాలా బాగా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక, "నువ్వు అనుకున్నదే చెప్పిన గదా?" అని అడిగాడు. "అవ్" అంది. ఆమె అనుకున్నది అది కాదు. కానీ మనిషి అంత మంచిగా అడిగినప్పుడు కాదని ఎలా అంటారు? ఆ సాయంత్రం నుంచి ఎక్కడ అవసరమైనా అతడే ఆమె బదులు మాట్లాడాడు. వైవాలో, ప్రిన్సిపాల్ ముందు, మండల ఆఫీసులో. ఆమె పక్కన నిలబడి తల ఊపేది.

తనకు మాత్రం ఎవరి బదులూ పలకడం చేతకాదా? హాజరు తీసేటప్పుడు రాని వాళ్ళ కోసం 'ప్రెజెంట్ సార్' అని పలకడం కాలేజీలో అందరూ చేసేదే, ప్రాక్సీ అంటారు. అందులో అరుణశ్రీని మించినవాళ్ళు లేరు. తన పేరు పిలిస్తే పీలగా పలికే గొంతు, ఇంకొకరి పేరు పిలిస్తే అచ్చం ఆ పిల్ల గొంతులోనే ఖంగుమనేది. ఆడపిల్లలు వంతులేసుకుని అడిగేవారు, రేపు నాది నువ్వు జెప్పవే అని. అదొక సాయం. లేని మనిషిని ఉన్నట్టు చూపెట్టే సాయం. అమ్మకు ఒకసారి నవ్వుతూ ఆ సంగతి చెప్తే, పిచ్చమ్మ కూర కలుపుతున్న గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మీ నాయన ముంగట ఈ ముచ్చట తీయకు, అంది. ఎందుకో అప్పుడే చెప్పింది, చాలా మెల్లగా, గోడలు వింటాయేమో అన్నట్టు.

నాయన మొండయ్య గనిలో షాట్‌ఫైరర్. బొగ్గు పేల్చే మనిషి. మందు కూరాక, వైర్లు కలిపాక, అటు వచ్చే ప్రతి దారి మొగలో ఒక మనిషిని కాపలా పెడతారు, ఎవరూ పొరపాటున లోపలికి రాకుండా. మొండయ్య గట్టిగా కేకేస్తాడు. ఒక్కో మొగ నుంచి ఒక్కో కాపలా మనిషి తిరిగి కేకెయ్యాలి. అన్ని గొంతులూ వచ్చాకే మందు పేల్చే తాళం తిప్పాలి. ఆ రోజు చందర్ తన టిఫిన్ డబ్బా లోపల మరిచాడు, పేలిస్తే నుగ్గవుతుంది, పరుగున తెచ్చుకుంటానని పోయాడు. పక్క మొగలో ఉన్నది బిచ్యా. స్నేహితుడు లేడని తెలిస్తే పని చూసే సర్దార్ తిడతాడని, ఇంతలో వచ్చేస్తాడు కదా అని, తన కేకొకటి వేసి, గొంతు మార్చి చందర్ కేక కూడా వేశాడు. నవ్వుతూనే వేసి ఉంటాడు. మొండయ్య విన్నాడు. గొంతులన్నీ వచ్చాయి. తాళం తిప్పాడు.

విచారణలో అన్ని గొంతులూ వచ్చాయని రాసుకున్నారు. వచ్చిన మాట నిజమే. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరినీ శిక్షించలేదు. బిచ్యా ఆ తర్వాత పని మానేసి జూలూరుపాడు వైపు వెళ్ళిపోయాడు, మాట తగ్గిపోయిందని చెప్తారు. మొండయ్య మాత్రం పనికి పోతూనే ఉన్నాడు, ఇంటికి వస్తూనే ఉన్నాడు. ఇంట్లో ఎవరైనా అవతలి గదిలోంచి 'ఊ' అంటే ఊరుకోడు, లేచి పోయి మనిషిని చూసి వస్తాడు. చిన్నప్పుడు అది చాదస్తం అనుకునేది. స్నానాల గది తలుపు మీద కొట్టి, "బిడ్డా, నువ్వేనా?" అనేవాడు. "నేను గాక ఇంకెవరుంటరు నాయనా?" అనేది విసుగ్గా. ఆ మాట విన్నాకే ఆయన అక్కణ్ణుంచి కదిలేవాడు.

ఈ ప్రాజెక్టులో జవాబుకు ఒక మీట నొక్కితే చాలన్న పద్ధతి తీసేసి, గొంతుతోనే జవాబు చెప్పాలని పట్టుబట్టింది అందుకే. ఆ ఒక్క విషయంలోనే ఆమె నోరు తెరిచి వాదించింది. క్రిస్టోఫర్ కూడా మెచ్చుకున్నాడు, హ్యూమన్ టచ్ అన్నాడు. ఆ పేరు పెట్టాక అందరికీ నచ్చింది. కానీ యంత్రానికి గొంతు వచ్చిందా లేదా అనేదే తెలుస్తుంది. ఎవరిదో తెలియదు. నాయనకూ అంతే తెలిసింది.

లోపల ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అడిగింది. క్రిస్టోఫర్ కాసేపు ఆగాడు. ఆలోచిస్తున్నట్టు ఆగడం కూడా నేర్చుకున్నదే. "దేర్ వాజ్ వన్ విలేజ్ మేడమ్. నో రెస్పాన్స్. ఐ డిడ్నాట్ బ్లేమ్ ఎనీబడీ. ఐ టుక్ ఓనర్‌షిప్." ఒక ఊరి నుంచి జవాబు రాలేదట. ఎవరినీ తప్పుపట్టలేదట. భారం తన మీద వేసుకున్నాడట. వెరీ గుడ్, అంది ఆడగొంతు. అరుణశ్రీ తలుపు వైపు తిరిగింది. ఏం చేశాడు భారం వేసుకుని? పోయినవారం ప్రిన్సిపాల్ ముందు చేసిన పరీక్షలో అన్నీ పచ్చబడి వెదురువాగు ఒక్కటే ఎర్రగా మిగిలింది. ప్రిన్సిపాల్ ఆ చుక్కను వేలితో తాకి చూశాడు, మరకేమో అన్నట్టు. మెట్లు దిగుతూ క్రిస్టోఫర్ అన్నాడు, "కంపెనీవాళ్ళు ఆ ఒక్కదాన్నే అడుగుతరు అరుణా. దాని సంగతి నేను చూసుకుంట." బండేసుకుని ఊరికి పోయి వస్తాడనుకుంది. పోయి వచ్చావా అని అడగలేదు. అడగాల్సింది.

ఆ ఊరికి ఇద్దరూ ఒక్కసారే పోయారు, ఎండాకాలంలో. భద్రాచలం దాటి, టేకుల్లోంచి, ఇసుక దారిలో అతడి బండి మీద. వాగు అప్పుడు నాలుగు చెంబుల నీళ్ళతో పడి ఉంది. వాగుకు అవతల ఇళ్ళు, ఇళ్ళ వెనక గుట్ట. అంగన్‌వాడీలో వంట చేసే నాగక్క వాళ్ళకు అన్నం పెట్టి, ఈమెను కాసేపు చూసి, "ఏంది పిలగా, ఈ పిల్ల మాట్లాడదా? మూగదా?" అని అడిగింది. "మాట్లాడుతది అక్కా, కంప్యూటర్‌తోని" అన్నాడు క్రిస్టోఫర్. నాగక్క నవ్వలేదు. "నాకు గూడ గట్లనే. ఫోన్ల అవతల ఎవరున్నరో తెల్వకుండ మాటెట్ల వస్తది? ముందు ఇంట. ఇన్నంక జెప్త" అంది. ఊళ్ళో సిగ్నల్ రాదు. గుట్ట సగం ఎక్కితే ఒక ఇప్పచెట్టు ఉంది, అక్కడ వస్తుంది. అందుకని నాగక్క ఫోనును ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ చెట్టు కొమ్మకు వేలాడగట్టింది. మోగితే అక్కడ మేకలు కాసేవాళ్ళు కిందికి కూతేస్తారు. ఆమె చేతిలో పని పడేసి ఎక్కుతుంది. అందుకే జవాబు ఆలస్యం. అందుకే అరుణశ్రీ ఆ ఒక్క ఊరికి ఎక్కువసేపు ఆగేలా, మళ్ళీ మళ్ళీ పిలిచేలా రాసింది. సర్వర్ కాదిది, ఇప్పచెట్టు, అని క్రిస్టోఫర్ పడీపడీ నవ్వాడు. ఊళ్ళకు పోయే కబురులో మొదట అరుణశ్రీ రికార్డు చేసిన తెలుగు మాటలు, తర్వాత నాగక్క కోయ మాటలు. అంగన్‌వాడీ పిల్లల్ని నోళ్ళు మూసుకోమని గదమాయించి మరీ నాగక్క దాన్ని చెప్పింది. గుట్ట వెనక నుంచి రోడ్డెక్కే దొంగదారి కూడా చూపెట్టింది, తునికాకు మోసుకుపోయే దారి. వాన పడితే ఇదే మాకు దిక్కు, అంది. ఎందుకు చూపెడుతోందో అప్పుడు పట్టించుకోలేదు.

అరుణశ్రీ ఇయర్‌ఫోన్లు తీసి చెవుల్లో పెట్టుకుంది. వచ్చిన జవాబులన్నీ యంత్రంలోనే ఉంటాయి. ఒక్కోటీ వినసాగింది. "ఆ, పోతున్నం మేడం." వెనక రేకుల మీద దబదబమని వాన. "పిల్లల్ని పంపినం, ముసలోళ్ళను మోస్తున్నం." వాన, ఎవరో ఏడుస్తున్న చప్పుడు, ఎడ్ల గంటలు. ఇంకోటి. గాలి. మాట తెగిపోతూ వాన. ఇంకోటి, వాన. ప్రతి గొంతు వెనకా అదే వాన, ఒకే గుడ్డను ముక్కలు చేసి అందరి మీదా కప్పినట్టు. ఆఖరున వెదురువాగు నొక్కింది.

"అవ్, ఇన్నం. అందరం గుట్ట ఎక్కుతున్నం."

మగగొంతు. బొంగురుగా, కావాలని తగ్గించినట్టు. సరే, నాగక్క పెనిమిటి కావచ్చు. ఊళ్ళో ఇంకెవరైనా కావచ్చు. మళ్ళీ విన్నది. ముందు నిశ్శబ్దం లేదు. 'ఓ పిల్లా' అనే కూత లేదు. నాగక్క ఎప్పుడు జవాబు చెప్పినా వాగు అవతల మనిషిని పిలిచినట్టు ఓ పిల్లా అని అరిచి మొదలుపెడుతుంది. ఇంకోసారి విన్నది, ఈసారి మాట కాకుండా మాట వెనక ఏముందో. ఏమీ లేదు. వాన లేదు. గాలి లేదు. ఎక్కడో సన్నగా కొళాయి కారుతున్న చప్పుడు, నాలుగు గోడల మధ్య మార్మోగుతూ. ఒకటి, ఆగి, ఇంకొకటి. ఆ కొళాయి ఆమెకు తెలుసు. ఈ వరండా చివర చేతులు కడుక్కునే గదిలో పోయిన ఏడాది నుంచి కారుతున్న కొళాయి. ఇందాక మీట నొక్కారన్న కబురు రాగానే, మొహం కడుక్కొని వస్తానని క్రిస్టోఫర్ అటే వెళ్ళాడు. రుమాలుతో చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి, "చూసినవా, వెదురువాగు ఫస్టు" అన్నాడు.

కాదు. అలా ఉండదు. తనకు చదువూ భయమూ ఎక్కువై ఇలా తోస్తోంది. అందరి గురించీ చెడుగా అనుకునే మనిషిని ఏ కంపెనీ తీసుకోదు. నెగెటివ్ యాటిట్యూడ్ అంటారు. అరుణశ్రీ నాగక్క నంబరు తన ఫోనులోంచి నొక్కింది. కవరేజీ పరిధిలో లేదని చెప్పింది అవతల ఆడగొంతు, చాలా మర్యాదగా, చిరునవ్వుతో. ఆ గొంతుకు కూడా ఎవరో శిక్షణ ఇచ్చి ఉంటారు. అంటే ఆ ఫోను అసలు మోగే స్థితిలో లేదు. మరి పలికింది ఎక్కడి నుంచి? ఇక చేయాల్సింది ఒకటే మిగిలింది. దాన్ని చేయకుండా ఉండటానికి ఆమె మనసు అన్ని మూలలూ వెతికింది. అమ్మ ఇస్త్రీ చేసిన ఈ డ్రెస్సు, నాయన పొద్దున గుమ్మం దాకా వచ్చి నిలబడటం, హెప్సిబా టీచర్ ప్రతి ఆదివారం చర్చిలో ఇద్దరి పేర్లూ చెప్పి చేసే ప్రార్థన. తెర మీద వెదురువాగు పక్కన 'మళ్ళీ పిలువు' అనే మీట ఉంది. యంత్రం దగ్గర ఆ ఊరి పేరిట ఏ నంబరుందో దానికే పోతుంది పిలుపు. నొక్కింది.

పక్కనున్న బ్యాగు వణికింది.

శిలువ బొమ్మ జిప్పుకు తగిలి టకటకమంది. అరుణశ్రీ కదల్లేదు. ఆగిపోతుంది, ఇంకెవరో చేశారు అతడికి, స్నేహితులు, వాళ్ళమ్మ. తను పిలుపు ఆపేసింది. బ్యాగు ఆగింది. మళ్ళీ నొక్కింది. బ్యాగు మళ్ళీ వణికింది. అప్పుడు జిప్పు తీసి, పుస్తకాల అడుగున చెయ్యి పెట్టి, చిన్న మీటల ఫోనును బయటికి తీసింది. కప్పను పట్టుకున్నట్టు చేతిలో కొట్టుకుంటోంది. పచ్చ మీట నొక్కి చెవికి ఆనించింది. తన గొంతే వినిపించింది. నేను అరుణను మాట్లాడుతున్న. వాగు పెరుగుతున్నది. ఉన్నపళంగా గుట్ట ఎక్కండి. ఎక్కుతున్నరా? మీ మాట చెప్పండి. ఎంత స్పష్టంగా, ఎంత ధైర్యంగా ఉంది తన గొంతు, ఎవరూ లేని గదిలో చెప్పింది కాబట్టి. తర్వాత నాగక్క. కోయ మాటల్లో, తొందరగా, ఇంటింటి తలుపు తడుతున్నట్టు. వెనక అంగన్‌వాడీలో ఒక పిల్లాడు ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. వెదురువాగు మనుషుల్ని లేపాల్సిన నాగక్క గొంతు, కొత్తగూడెం కాలేజీలో, నల్లబ్యాగులో.

అప్పుడు తెలిసింది. అప్పటిదాకా జవాబు ఒక్కటే దొంగది అనుకుంది. పిలుపు కూడా అటు పోలేదు. ఊరి పేరిట నంబరు మార్చేస్తే కబురు కూడా ఈ ఫోనుకే వస్తుంది. పొద్దున నుంచి ఆ ఊరికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇప్పచెట్టుకు వేలాడే ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. గుట్ట మీది మేకలవాళ్ళు కూతెయ్యలేదు. నాగక్క ఇప్పుడు అంగన్‌వాడీలో పప్పు కలియబెడుతూ ఉంటుంది. గుమ్మం ముందు తడి.

బీప్ వచ్చింది. ఇప్పుడు జవాబు చెప్పాలి. చెవికి ఆనించిన ఫోనులో ఎవరో కాచుకుని ఉన్నట్టుంది. అచ్చం నాగక్కలా పలకగలదు తను, ఓ పిల్లా అని. పలికితే చుక్క పచ్చగానే ఉంటుంది, క్రిస్టోఫర్ ఉద్యోగం, తన ఉద్యోగం, ప్రిన్సిపాల్ నవ్వు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. అరుణశ్రీ పెదవులు బిగించింది. ఊపిరి కూడా వినపడకుండా పట్టింది. ఇన్నేళ్ళూ ఎందుకూ పనికిరాదన్న ఆ మౌనాన్ని ఫోనుకు ఆనించి పట్టుకుని కూర్చుంది. యంత్రం ఆగింది. చాలాసేపు ఆగింది, వెదురువాగు కోసం ఎక్కువసేపు ఆగమని ఆమే రాసింది కదా. ఆగి, ఇక రాదనుకుని, చుక్కను ఎర్రగా మార్చింది.

వెంటనే ఆమె సొంత ఫోను మోగింది. "అమ్మా, మండల ఆఫీసు కంట్రోల్ రూమ్‌ల డ్యూటీల ఉన్న. వెదురువాగు ఇంతసేపు పచ్చగుండె, ఇప్పుడెర్రగైంది. మీ దాన్ల ఏమన్న తేడా వచ్చిందా? ఉన్నది ఒక్క ట్రాక్టరు. ఊకెనే పంపితే మా సారు నన్ను సంపుతడు."

అప్పుడే తలుపు తెరుచుకుంది. క్రిస్టోఫర్ బయటికొచ్చాడు, ఇంకా లోపలివాళ్ళ వైపు వంగి థాంక్యూ చెప్తూ. ఇటు తిరిగాడు. ఆమె చేతిలో మీటల ఫోను చూశాడు. మొహం మీది నవ్వు పోలేదు. పోవడం మరిచిపోయినట్టు అక్కడే ఉండిపోయింది, కళ్ళు మాత్రం దాన్ని వదిలేసి ఇంకెక్కడికో వెళ్ళాయి. లోపలి నుంచి "మిస్ అరుణశ్రీ" అన్న పిలుపు వచ్చింది.

"ఇయ్యాల ఒక్కరోజుకే మార్చిన అరుణా" అన్నాడు గొంతు తగ్గించి. "మార్చినప్పుడు పరీక్షనే ఉంటదనుకున్న, నిజంగ నొక్కుతరని నాకేం తెల్సు. నువ్వు లోపలికి పో. నేను మాట్లాడుత వాళ్ళతోని. ఫోనియ్యి." చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఎప్పుడూ ఇలాగే చాచి ఉండేది, ఆమె మాటను అందుకోవడానికి. చెడ్డవాడు కాడు. ఈ క్షణంలో కూడా ఆమెను కాపాడుతున్నానే అనుకుంటున్నాడు. "మంచిగ సర్ది చెప్త, ఎవ్వరికి దెబ్బ తగలకుండ. అరుణా."

"అమ్మా, ఉన్నవా?" అంది ఫోను.

గొంతు మెట్లు దిగిపోతోంది, ఎప్పటిలాగే. దిగిన చోట చీకట్లో మొండయ్య నిలబడి ఉన్నాడు, తాళం మీద చెయ్యి పెట్టకుండా.

"ఉన్న సార్" అంది అరుణశ్రీ. "తేడా ఇప్పుడు రాలే. ఇందాకటి పచ్చనే తప్పు. ఆ జవాబు ఆ ఊరోళ్ళది కాదు. కాలేజీల నుంచి మేమే జెప్పినం."

క్రిస్టోఫర్ చాచిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"అంటె వాళ్ళకు కబురు...?"

"పోనే పోలే సార్. పొద్దుగాల నుంచి పోలే. ట్రాక్టర్ వాగు దిక్కు పంపకండి, దాటదు. గుట్ట ఎనక తునికాకు దారి ఉన్నది, టేకుల పక్కపొంటి పోవాలె. ఆడికెల్లి నడుసుడే. తాళ్ళు పంపండి. జల్దీ సార్." ఇంత పొడుగు మాట ఒక్క ఊపిరిలో ఎప్పుడు మాట్లాడిందో ఆమెకు గుర్తులేదు. ఇంగ్లీషు లేదు, నవ్వు లేదు, ఎవరి కళ్ళలోకీ చూడలేదు. అవతలి మనిషి ఎవరినో పేరు పెట్టి కేకేయడం, కుర్చీ వెనక్కి పడటం వినిపించాయి. లైను తెగిపోయింది.

తలుపు దగ్గర నిలబడ్డ ఆడమనిషి ఆమెను చూసింది, క్రిస్టోఫర్‌ను చూసింది, చేతిలోని కాగితం వైపు చూసుకుని తర్వాతి పేరు పిలిచింది. ఎవరో కుర్రాడు షర్టు సర్దుకుంటూ ఆమెను దాటుకుని లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. క్రిస్టోఫర్ బెంచీ మీద కూలబడి బ్యాగును ఒళ్ళోకి లాక్కున్నాడు. జిప్పు వేయబోయి సగంలో వదిలేశాడు. "ఏమన్న అయితదా అరుణా?" అని అడిగాడు. మొదటిసారి అతడికి ఆమె నోటి నుంచి ఒక మాట కావాల్సి వచ్చింది.

అరుణశ్రీ కిటికీ దగ్గరికి పోయి నాగక్క నంబరు నొక్కింది. పరిధిలో లేదు. మళ్ళీ నొక్కింది. బొగ్గు కుప్పలాంటి ఆకాశం ఇటు జరిగింది, లారీల లైట్లు కూడా సరిగ్గా కనపడటం లేదు. మళ్ళీ. ఈసారి ఆ మర్యాద గొంతు రాలేదు. మోగింది. గుట్ట మీద, కొమ్మకు వేలాడుతూ, కవర్లో వెలుగుతూ ఆరుతూ మోగుతోంది. ఎవరైనా వినాలి. ఎవరైనా కిందికి కూతెయ్యాలి. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది. మోగింది, మోగింది, ఇక ఆగిపోతుంది అనుకున్న చోట టక్కున తెగింది. తెగలేదు. ఎవరో ఎత్తారు.

వాన. చెవి నిండా వాన. దాని కింద ఇంకేదో, రోడ్డు రోలరు దూరంగా పోతున్నట్టు ఎడతెగని చప్పుడు. మాట లేదు. ముందు ఇంట, ఇన్నంక జెప్త, అంది కదా నాగక్క. అదేనా ఇది? లేక కొమ్మకు రాసుకుని మీట దానంతటదే నొక్కుకుందా?

"అక్కా" అంది. "నేను అరుణను. నేనే."

వెనక క్రిస్టోఫర్ ఏదో అనబోయాడు. అరుణశ్రీ అరచెయ్యి ఎత్తి అతడిని ఆపింది. ఆ వానలోంచి ఒక్క కూత కోసం, ఓ పిల్లా అనే ఒక్క కూత కోసం, చెవి ఒగ్గి నిలబడింది.